జంట మాటలు

నివేదిక నూట పన్నెండో పేజీ తెరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టి చిన్నకోడలు అడిగింది: "అక్కా, ఈయన ఒక్కసారి చెప్పి ఊరుకునే మనిషేనా?" పోయిన వారం భాగం చివర పెద్దకోడలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా చెప్పులు వేసుకుని ఆఫీసుకు బయల్దేరింది. ఆ రోజు శుక్రవారం. నివేదిక మీద అభ్యంతరాలు తీసుకునే గడువు ఆ సాయంత్రం ఐదింటితో సరి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. శీతల గిడ్డంగిలో అమ్మోనియా పైపు పగిలి ముగ్గురు చనిపోయారు. ఆ షిఫ్టులో ఆపరేటరు పెద్దకోడలి మరిది, అంటే చిన్నకోడలి భర్త. విచారణ సంఘం అతని వాంగ్మూలం తీసుకుంది. ఆ ఆఫీసులో వాంగ్మూలాల రికార్డింగులు విని టైపు చేసే గదికి పెద్దకోడలే పెద్ద. నివేదికలో మరిది మాటగా అచ్చయిన వాక్యం ఇది: "వాల్వు కారుతోందని మేనేజరుకు చెప్పి ఊరుకున్నాను." దాని కింద సంఘం రాసింది: "ప్రమాదం ఉందని తెలిసీ, ఒకసారి చెప్పి ఊరుకున్నట్టు ఆపరేటరే ఒప్పుకున్నాడు." ఆ రెండు లైన్లతో తప్పు కంపెనీ మీదనుంచి దిగి అతని మీద కూర్చుంది. ఉద్యోగం పోయింది. కేసు పెట్టమని సిఫార్సు చేశారు.

నేను అలా అనలేదని మరిది ఇంట్లో అన్నాడు. భోజనాల దగ్గర, అందరి ముందూ. "మా గదిలోంచి వచ్చే కాగితంలో అక్షరం పొల్లుపోదు," అంది పెద్దకోడలు. "కాగితానికే నోరుంటే ఇక మనిషెందుకు?" అంది అత్తగారు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. మరిది కంచం వైపు చూసుకుంటూ అన్నం ముగించాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

*

టైపు గది రెండో అంతస్తులో ఉంది. ఐదు బల్లలు, ఐదు కంప్యూటర్లు, ఐదు జతల హెడ్‌ఫోన్లు. ప్రతి బల్ల కిందా కాలితో నొక్కే పెడల్ ఒకటి. ముందుకు తొక్కితే రికార్డింగు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది, వెనక్కి తొక్కితే రెండు సెకన్లు వెనక్కి పోతుంది. చేతులు కీబోర్డు వదలాల్సిన పని లేదు.

పెద్దకోడలు తాళం తీసి లోపలికి వచ్చేసరికి తొమ్మిది కావడానికి పది నిమిషాలుంది. ఆమె ఫ్యాను వేయలేదు. సంచి కుర్చీకి తగిలించి, కంప్యూటరు పెట్టి, ఎడిటర్ తెరిచింది.

పదకొండేళ్ళ కిందట ఆమె ఈ గదికి వచ్చినప్పుడు ఆ ఎడిటర్‌లో ఒక తెల్ల పేజీ, పైన ఐదు మెనూలు ఉండేవి. ఎవరైనా ఎక్కడైనా వాడుకునే సరుకు. అది ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు మార్చుకోవడానికి వీలుంటుందని సహాయం పేజీల్లో చదివింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, నాలుగు నెలలు ఆ పేజీలే చదివింది. తర్వాత ఆరో మెనూ పుట్టింది. దానికి 'మన పని' అని పేరు పెట్టింది. దాని కింద పదకొండు అంశాలు, ఒక్కోదానికి ఒక్కో మీట. ఒకటి నొక్కితే 'ప్రశ్న', రెండు నొక్కితే 'జవాబు', మూడు నొక్కితే 'సాక్షి మాట్లాడలేదు', నాలుగు నొక్కితే రికార్డింగు నడుస్తున్న గంట, నిమిషం, సెకను. ప్రతి మీట వెనకా ఆమె రాసిన చిన్న స్క్రిప్టు ఒకటి. రెండు లైన్లది ఉంది, నలభై లైన్లది ఉంది. రోజుకు పన్నెండు పేజీలు కొట్టే గది ముప్పై కొట్టడం మొదలుపెట్టింది. వేరే ఆఫీసులవాళ్ళు చూసి నేర్చుకోవడానికి వచ్చారు. ఆమెకు 'మీటల మేడమ్' అని పేరు వచ్చింది. విననట్టు ఉండేది కానీ, ఆ పేరు ఆమెకు ఇష్టం.

ఇవాళ ఆమె చూడాలనుకున్నది ఏడో నంబరు. దాని పేరు 'జంట మాటలు'.

అది పెడల్ వల్ల పుట్టింది. టైపిస్టు ఒక మాట కొట్టి, సరిగ్గా విన్నానా లేదా అని పెడల్ వెనక్కి తొక్కుతుంది. రెండు సెకన్లు వెనకనుంచి అదే మాట మళ్ళీ వినిపిస్తుంది. చెయ్యి ఆగదు, మళ్ళీ కొట్టేస్తుంది. కాగితం మీద 'గేటు గేటు దగ్గర', 'లారీ లారీ వచ్చింది' అని పడుతుంది. ఒక మాట, దాని తర్వాత ఖాళీ, మళ్ళీ అదే మాట కనిపిస్తే రెండోదాన్ని తీసేయాలి. స్క్రిప్టు చేసే పని అంతే.

కానీ మన మాటల్లో జంటలు వేరేవి కూడా ఉంటాయని ఆమెకు తెలుసు. అందుకే మొదట రాసినప్పుడు, జంట కనిపించిన ప్రతిచోటా ఆగి అడిగేట్టు పెట్టింది. కింద చిన్న పెట్టె తెరుచుకునేది. అందులో ఒక ప్రశ్న: 'తొక్కిన జంటా, మాట్లాడిన జంటా?' ఎంటర్ నొక్కితే రెండో మాట పోతుంది. స్పేస్ నొక్కితే ఉంటుంది.

ఆమె స్క్రిప్టు ఫైలు తెరిచింది. అడిగే లైను ఉంది. దాని ముందు రెండు ఏటవాలు గీతలు ఉన్నాయి. గీతలు పెట్టిన లైనును కంప్యూటరు చదవదు, దాటిపోతుంది. పక్కన మూడేళ్ళ కిందటి తేదీ, ఆమె పొడి అక్షరాలు, ఆమె రాసుకున్న ఒక మాట: తాత్కాలికం.

గుర్తొచ్చింది. వంతెన కూలిన విచారణ. రెండు నెలల్లో నాలుగు వందల వాంగ్మూలాలు. ఒక్కో ఫైలుకు వందసార్లు ఆగి అడుగుతోందని టైపిస్టులు సణిగారు. ఎప్పటికిస్తారని, విచారణలన్నీ చూసే కార్యదర్శి రోజుకు రెండుసార్లు కిందికి దిగి అడిగాడు. నెల్లాళ్ళు అడగకుండా పోనిద్దాం అనుకుని రెండు గీతలు పెట్టింది. పనిలో పనిగా దాన్ని కంట్రోల్ ఎస్ మీటకు కట్టేసింది. ఎవరు ఫైలు సేవ్ చేసినా ఏడో నంబరు దానంతట అదే నడుస్తుంది. నొక్కడం మర్చిపోయే బాధ ఉండదు.

నెల అయిపోయింది. తర్వాత ముప్పై ఐదు నెలలు కూడా అయిపోయాయి.

ఆమె ఖాళీ పేజీ తెరిచింది. 'చెప్పి చెప్పి ఊరుకున్నాను' అని కొట్టింది. కంట్రోల్ ఎస్ నొక్కింది. చప్పుడు లేదు. లైను చివర నిలబడ్డ కర్సరు ఒక మాట మేర ఎడమకు జరిగింది.

'చెప్పి ఊరుకున్నాను.'

ఆమె మళ్ళీ కొట్టింది. మళ్ళీ జరిగింది. మూడోసారి కొట్టబోయి ఆగింది. రికార్డింగు విందామంటే, నివేదిక అచ్చవగానే దానికి సీలు వేసేశారు. మరిది ఫైలు కొట్టింది నాలుగో బల్ల. నాలుగో బల్ల కామా గారిది. ఆయన జంట మాట వస్తే మధ్యలో కామా పెడతారు. గదిలో ఆయనొక్కరికే ఆ అలవాటు. కామా ఉంటే అది జంట కాదు, ఏడో నంబరు దాన్ని ముట్టుకోదు. అంటే మరిది నిజంగా ఒకసారే అన్నాడన్నమాట.

ఆ ఆలోచన రాగానే ఆమెకు ఊపిరి తేలికైంది. అలా తేలికైనందుకు తర్వాత సిగ్గుపడింది. ముందు మాత్రం తేలికైంది.

*

కామా గారు తొమ్మిదింబావుకు వచ్చారు. రిటైర్మెంటుకు నాలుగు నెలలున్న మనిషి. గొడుగు మూలన పెట్టి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, కుర్చీలో దిండు సర్దుకుని కూర్చున్నారు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది. కామా గారు అని పేరు పెట్టింది పెద్దకోడలే.

"మా మరిది ఫైలు మీరే కదా కొట్టింది?" అంది.

"నేనే. బంధువుల ఫైలు ముట్టుకోకూడదని మీరు కాగితం మీద సంతకం పెట్టి మరీ పక్కకు తప్పుకున్నారుగా. అందుకని నాకొచ్చింది."

నిజమే. ఆ ఆరు రోజులూ ఆమె నాలుగో బల్ల వైపు కూడా పోలేదు. మంచినీళ్ళకు సైతం చుట్టూ తిరిగి వెళ్ళింది. నిబంధన అంటే ఇలా పాటించాలని మిగతావాళ్ళకు చెప్పుకుంది కూడా.

"వాల్వు దగ్గర ఏమన్నాడో గుర్తుందా?"

"గుర్తుపెట్టుకునే పని లేకుండా అన్నీ మీటల్లో పెట్టారు మేడమ్. అయినా నాకు గుర్తుంటున్నాయి. పాత రోగం."

"ఏమన్నాడండీ?"

కామా గారు హెడ్‌ఫోన్లు మెళ్ళో వేసుకుని, చెవులకు పెట్టుకోకుండా ఆగారు.

"చెప్పి చెప్పి ఊరుకున్నాను అన్నాడు. రెండో చెప్పి దగ్గర గొంతు జీరపోయింది. పెడల్ వెనక్కి తొక్కి మళ్ళీ విన్నా. రెండుసార్లే."

"మీరెలా కొట్టారు?"

"చెప్పి, కామా, చెప్పి, ఊరుకున్నాను."

"మధ్యలో కామా ఉంటే ఏడో నంబరు ముట్టుకోదు కదా."

"ఏడోది ముట్టుకోదు," అన్నారు కామా గారు. "ఎనిమిదోదాన్ని మర్చిపోయారా?"

ఆమె కంప్యూటరు వైపు తిరిగింది. తెరిచి చూడాల్సిన అవసరం లేకపోయింది. ఎనిమిదో నంబరు 'అదనపు కామాలు'. కాగితాల్లో కామాలు ఎక్కువయ్యాయని ఎవరో లాయరు సణిగితే పది నిమిషాల్లో రాసింది. ఒకే మాట రెండుసార్లు వచ్చి మధ్యలో కామా ఉంటే, ఆ కామాను తీసేస్తుంది. రాసిన రోజు గదిలో అందరికీ వినిపించేలా, "ఇది కామా గారికి నా పుట్టినరోజు కానుక," అంది. అందరూ నవ్వారు. సేవ్ మీటలో దాన్ని ఏడో నంబరుకు ముందు పెట్టింది. ముందు కామా పోతుంది, తర్వాత మాట పోతుంది.

"ఆ కామాలు ఎందుకు పెడుతున్నానో ఒక్కనాడైనా అడిగారా?" అన్నారు కామా గారు.

"అలవాటనుకున్నాను."

"ముప్పై ఒక్క ఏళ్ళు కొట్టినవాడికి కామా ఎక్కడ పెట్టాలో తెలీదనుకున్నారు. అడ్డం పెట్టాను మేడమ్. మీ ఏడోది మాటల్ని మింగుతుంటే, నోట్లో పుల్ల అడ్డం పెట్టినట్టు కామా పెట్టాను. రెండు నెలలు ఆగింది. తర్వాత మీరు పుల్ల కూడా పీకేశారు."

"నాతో చెప్పొచ్చు కదండీ!"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చెప్పలేదా? 'రాను రాను చూపు తగ్గింది' అని ఒక ముసలాయన అన్నాడు. 'రాను చూపు తగ్గింది' అని కాగితం పోయింది. ఎక్కడికి రానన్నాడీయన అని అక్కడ లాయరు అడిగాడట. ఆ కాగితం తెచ్చి మీ బల్ల మీద పెట్టాను. మీరేమన్నారో గుర్తుందా?"

ఆమెకు గుర్తుంది.

"ముసలాయన రానంటే మానెయ్యనివ్వండి, మీరు బండి కట్టుకుని వెళ్ళి తీసుకొస్తారా అన్నారు. గదంతా పడీ పడీ నవ్వింది. బాగుంది కూడా. నేనూ నవ్వాను. తర్వాత ఇంకో రెండు కాగితాలు తెచ్చాను. రెండోదానికి ఎవరూ నవ్వలేదు. మూడోదానికి మీరు తలెత్తలేదు. మన వాళ్ళు ఒకసారి అంటే అది మామూలు మాట మేడమ్. రెండోసారి అన్నారంటే లోపల ఏదో ఉన్నట్టు. అది మీకు చెప్పాలనుకున్నా. మీటల భాషలో దాన్ని ఎలా చెప్పాలో నాకు రాలేదు."

"సరే. ముసలాయన సంగతి వేరు." ఆమె గొంతు పెరిగింది. "ఇది మా మరిది బతుకు. తెలిసి కూడా ఊరుకున్నారా? మా మరిదని తెలిసి?"

"మీ మరిదని తెలిసే ఊరుకున్నాను."

మిగతా టైపిస్టులు ఇంకా రాలేదు. మెట్ల మీద ఎవరో బకెట్టు దించిన చప్పుడైంది.

"వేరేవాళ్ళదైతే ఇంకోసారి కాగితం పట్టుకుని మీ దగ్గరికి వచ్చేవాణ్ణేమో," అన్నారు కామా గారు. "ఇది మీ ఇంటి మనిషి మాట. ఆయన ఎలా మాట్లాడతాడో మీకు తెలుసు. అచ్చయ్యాకైనా చదువుతారు, చదివితే ఎక్కడో ఏదో తగ్గిందని మీకే తడుతుంది, అప్పుడు మీ మెనూ మీరే తెరుస్తారు అనుకున్నా. నా అంతట నేను చెప్పకూడదని పంతం పట్టాను. కాదనను. పాపమే. కానీ మీరు చదివి ఏమన్నారు? ఇదే గదిలో, మొన్న బుధవారం, మా మరిది అబద్ధాలు నేర్చుకున్నాడు అన్నారు."

ఆమె కుర్చీలో కూర్చుంది.

"అక్షరం పొల్లుపోలేదనే అనుకున్నాను," అంది.

"అక్షరం పోలేదు మేడమ్. మాటే పోయింది."

ఆయన సొరుగు తెరిచి పొడుగాటి నోటుపుస్తకం ఒకటి తీశారు. పేజీకి నాలుగు గళ్ళు. ఫైలు సంఖ్య, రికార్డింగులో గంట నిమిషం సెకను, సాక్షి అన్న మాట, కాగితంలో మిగిలిన మాట. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆమె చెయ్యి చాపింది. ఆయన పుస్తకం తన వైపు లాక్కున్నారు.

"ఇవ్వను. కావాలంటే చదువుతాను."

"చదవండి."

"వద్దు వద్దు అంటున్నా లారీ ఎక్కించాడు. ఒక వద్దు మిగిలింది. ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. ఏడ్చి పడుకున్నాడు అని పోయింది." పేజీ తిప్పారు. "కొట్టి కొట్టి వదిలారు. లాకప్పు విచారణ. కొట్టి వదిలారు."

"ఎన్ని ఉంటాయి?"

"నా బల్ల మీద ఆరు వందల ఎనభై. మిగతా నాలుగు బల్లలవాళ్ళు రాసుకోలేదు. రాసుకోవాలని వాళ్ళకు తెలీదు."

ఆమె కంప్యూటరు వైపు తిరిగి ఏడో నంబరు ఫైల్లో రెండు గీతలు చెరిపింది. సేవ్ చేసింది. ఇకమీదట జంట కనిపించినచోటల్లా స్క్రిప్టు ఆగి అడుగుతుంది. జరిగిపోయిన మూడేళ్ళను అడగదు.

తర్వాత అభ్యంతరపత్రం కొట్టడం మొదలుపెట్టింది. ఆ కాగితంలో ఆమె ఒక్క మీటా వాడలేదు. తేదీ కూడా చేత్తోనే కొట్టింది.

*

పదిన్నరకు ఇంటికి ఫోను చేసింది. చిన్నకోడలు ఎత్తింది.

"మీ ఆయన్ని పిలువు. మాట్లాడాలి."

"లేరు. మీ ఆఫీసుకే వచ్చారు."

"ఎందుకు?"

"కార్యదర్శి కబురు పెట్టాడట. నివేదికలో ఉన్నది నా మాటేనని ఒక కాగితం మీద సంతకం పెడితే, కేసు తేలిగ్గా పోయేట్టు చూస్తానన్నాడట. తొమ్మిదిన్నరకే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు."

"ఆయన ఆ మాట అనలేదే!"

"నాకు తెలుసు. నీకూ ఇప్పుడు తెలిసినట్టుంది. ఆయనకే తెలీదక్కా."

"అదేం మాట?"

"నువ్వు ఆవేళ భోజనాల దగ్గర అన్నాక మూడు రోజులుగా వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. ఏ రోజు చెప్పాను, ఎవరి ముందు చెప్పాను అని. మొదటిరోజు తొమ్మిది దాకా వచ్చింది లెక్క. నిన్న నాలుగన్నారు. వదిన గదిలోంచి వచ్చిన కాగితం తప్పు కాదు కదా, ముగ్గురు పోయారన్న భయంతో నేనే ఎక్కువసార్లు చెప్పాననుకుంటున్నానేమో అన్నారు. ఇవాళ పొద్దున ఒకటి దగ్గర ఆగారు. ఆ ఒకటి నువ్వు పెట్టిందే అక్కా."

"ఇప్పుడే పైకి వెళ్తున్నా."

"వెళ్ళు. ఈసారైనా ఆయన మాట విను."

*

కార్యదర్శి గది నాలుగో అంతస్తులో ఉంది. ఆఫీసులో అతన్ని మెత్తని కత్తి అంటారు. గొంతు పెంచడు, ఎవరినీ నిలబెట్టి మాట్లాడడు. పెద్దకోడలు తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళింది. మరిది కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ముందు ఒక కాగితం. చేతిలో మూత తీసిన పెన్ను.

"సంతకం పెట్టకు," అంది.

అతను లేచి నిలబడ్డాడు. "వదినా? మీరెందుకొచ్చారు?"

"పెట్టేశావా?"

"లేదు. చదువుకుంటున్నా."

"నువ్వు రెండుసార్లు అన్నావు. చెప్పి చెప్పి ఊరుకున్నాను అన్నావు. అందులో ఒకటి మా గదిలో పోయింది."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "అన్నానా?"

"అన్నావు."

"నిజంగా అన్నానా వదినా? మీరు నా కోసం చెప్పడం లేదు కదా?"

"నీ గొంతు జీరపోయిందట రెండోసారి. విన్న మనిషి కిందే ఉన్నాడు."

మరిది కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూశాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడా, నవ్వుతున్నాడా అని కార్యదర్శి బల్ల మీదుగా తొంగిచూశాడు.

"తొమ్మిదిసార్లు చెప్పాను," అన్నాడు మరిది, నేల వైపే చూస్తూ. "ఒకసారి మేనేజరు ఇంటికెళ్ళి మరీ చెప్పాను. గేటు దగ్గర నిలబెట్టే పంపాడు."

కార్యదర్శి పెద్దకోడలి వైపు తిరిగాడు. "కూర్చోండి మేడమ్. పోయిందంటే ఏమిటి? టైపిస్టు వదిలేశాడా?"

"టైపిస్టు కొట్టాడు. నేను రాసిన స్క్రిప్టు తీసేసింది."

"మీరు రాసిన స్క్రిప్టు అంటే ఆ గదిలో అందరూ వాడేదే కదా?"

"అవును."

అతను లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఆమె ఇచ్చిన అభ్యంతరపత్రం మొదటి పేజీ చదివాడు. రెండో పేజీ చదవలేదు. దాన్ని బోర్లించి, సొరుగులోంచి తెల్ల కాగితం తీసుకుని తన పెన్నుతో రెండు లైన్లు రాశాడు. రాస్తూనే మాట్లాడాడు.

"చూడండి. మనిషికి అన్యాయం జరిగింది, సరిచేద్దాం. నేనేం రాక్షసుణ్ణి కాదు. సీలు తీయించి ఆ రికార్డింగు నేనే వింటాను. సాయంత్రం ఐదులోపు సవరణ వేస్తాను. ఆపరేటరు పలుమార్లు హెచ్చరించాడు అని ఆ పేరా నేనే తిరగరాస్తాను. సోమవారానికి మీ మరిది మీద కేసు ఉండదు. సరేనా? టైపిస్టు పొరపాటు, ఒక ఫైలు, ఒక మాట. ఇంతే."

"ఆయన పొరపాటు కాదని చెప్పానుగా."

"నాలుగు నెలల్లో దిగిపోయే మనిషికి ఒక మెమో ఏం బరువు చెప్పండి? నేనే సర్ది చెప్తాను."

"లేదంటే?"

"లేదంటే మీ స్క్రిప్టు తప్పని రాసుకోవాలి. అప్పుడు మూడేళ్ళ వాంగ్మూలాలన్నీ అనుమానం కిందికొస్తాయి. అన్నీ తేలేదాకా ఏ ఒక్కటీ తేలదు. మీ మరిదిది కూడా. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను. కేసు మాత్రం వచ్చే నెల మొదలవుతుంది. దానికి ఇదంతా తెలీదు."

కాగితం ఆమె ముందుకు జరిపాడు. పెన్ను తన జేబులో పెట్టుకున్నాడు. అది అతని అలవాటు, ఎవరికీ ఇవ్వడు.

ఆమె చదివింది. 'పై వాక్యంలోని లోపం టైపిస్టు పొరపాటు వల్ల జరిగింది. ఇది ఈ ఒక్క ఫైలుకే పరిమితమని ధ్రువీకరిస్తున్నాను.' కింద ఆమె పేరు, హోదా. సంతకానికి ఖాళీ.

కొట్టి కొట్టి వదిలారు అన్న మనిషి ఎవరో ఆమెకు తెలియదు. ఆయన ఎక్కడున్నాడో, బతికున్నాడో లేడో తెలియదు. మరిది మాత్రం మూడడుగుల దూరంలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయింది.

ఆమె చెయ్యి చాపింది. "ఆ పెన్ను ఇలా ఇవ్వు."

మరిది ఇవ్వలేదు. తల వంచి, బల్ల మీద తలకిందులుగా కనిపిస్తున్న ఆ రెండు లైన్లనూ చదువుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. రెండో లైను దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఈ ఒక్క ఫైలుకే అంటే?" అన్నాడు. "వదినా, నాదొక్కటేనా?"

"దానికి జవాబు అక్కర్లేదు మేడమ్," అన్నాడు కార్యదర్శి. "సంతకం చాలు."

మరిది అతని వైపు చూడలేదు. పెన్ను మూత పెట్టి గుప్పిట్లో బిగించాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా వదినా. మొన్న మీరు చెప్తే నమ్మాను. ఇప్పుడూ మీరేం చెప్తే అదే నమ్ముతాను. నాదొక్కటేనా?"